పేరు కనబడే పేపరు

యూనివర్సిటీ పరీక్షలో మాకు పేరు లేదు. కాలేజీ క్విజ్‌లో మాకు పేరుంది. మా పిల్లల మార్కులు అక్కడొక రకంగా, ఇక్కడొక రకంగా ఎందుకుంటాయని అడిగేవాళ్లకి మేం ముందుగా చెప్పేది ఇదే.

యూనివర్సిటీ పేపరు దిద్దేముందు హాల్‌టికెట్ నంబరున్న ముక్కని వేరు చేస్తారు. కోడ్ మాత్రమే మిగులుతుంది. దిద్దే సారు ఎక్కడో వేరే ఊళ్లో కూచుంటాడు. ఆయనకి మేం షేకులమో శర్మలమో తెలీదు. కానీ కాలేజీలో రాసే మిడ్ పరీక్ష, పది నిమిషాల క్విజ్, అసైన్‌మెంట్, ల్యాబ్ రికార్డు, వైవా - వీటన్నిటి మీదా మా పేరు పెద్ద అక్షరాలతో ఉంటుంది. కొన్నింట్లో పేరుతో పాటు మా మొహం కూడా ఉంటుంది. మా చెల్లెళ్లయితే స్కార్ఫుతో సహా ఉంటారు. చాలా ఏళ్లు ఈ ఇంటర్నల్ భాగం 25 మార్కులే, బయటిది 75. హైదరాబాద్ జె.ఎన్.టి.యు. 2022 నిబంధనలతో అది 40, 60 అయింది. అంటే పేరు కనబడే భాగం పెరిగింది. నిరంతర మూల్యాంకనం అని దానికి మంచి పేరే పెట్టారు. రోజూ చదివించాలన్న ఉద్దేశం మంచిదే, మేం కాదనం. కానీ ఇంటర్నల్‌లో 15 వచ్చిన పిల్ల బయట అరవైకి అరవై తెచ్చుకున్నా 75 దాటదని లెక్క రానివాడు కూడా చెప్పగలడు.

“ప్రోగ్రామింగ్‌లో కూడా మతమేనా?” అంటారు మీరు. అంటారని మాకు తెలుసు. సాహిత్యంలో మతం తెచ్చారన్నారు, తిండిలో తెచ్చారన్నారు, ఇప్పుడు సీ లాంగ్వేజ్‌లోకీ తెచ్చారంటారు. కంప్యూటర్‌కి కులం లేదు, రన్ అయితే అవుతుంది లేకపోతే లేదు, ఇంతకన్నా నిఖార్సయిన మెరిట్ ఇంకెక్కడుందని వాదిస్తారు. సరే, ఆ రన్ అవడం దగ్గర్నించే మొదలుపెడదాం.

ఫస్టియర్ ల్యాబ్‌లో ఒక ప్రోగ్రాం ఉంటుంది. పదిమంది విద్యార్థుల పేర్లు తీసుకుని అక్షరక్రమంలో పేర్చాలి. రికార్డులో సార్లు రాయించే పద్ధతి ఏమిటంటే, పేరుకి ఇరవై అక్షరాల జాగా ఇస్తారు. స్కాన్‌ఎఫ్‌లో పర్సెంట్ ఎస్ అని రాసి పేరు చదివిస్తారు. పర్సెంట్ ఎస్ ఏం చేస్తుంది? ఖాళీ తగలగానే ఆగిపోతుంది. రవి అని కొడితే రవి వస్తాడు. షేక్ మహమ్మద్ అబ్దుల్ రహీం అని కొడితే షేక్ వస్తాడు, మిగిలినదంతా తర్వాతి పేర్లలోకి జారిపోతుంది. మహమ్మద్ రెండో విద్యార్థి, అబ్దుల్ మూడో విద్యార్థి అయిపోతారు. ఒక్క మనిషే నలుగురై కూచుంటాడు. ఒకవేళ ఖాళీని దాటించినా ఆ పేరుకి ఇంగ్లీషులో 27 అక్షరాలు కావాలి. ఇరవై జాగాల్లో చివరిది ముగింపు గుర్తుకి పోగా మిగిలేది 19. పేరు తన గది దాటి పక్క గదిలోకి పొంగుతుంది.

మా చెల్లెలొకతె ఈ ప్రోగ్రాంలో తన పేరే కొట్టి చూసుకుంది. తప్పొచ్చింది. రెండ్రోజులు తంటాలు పడి జాగా యాభై చేసి, స్కాన్‌ఎఫ్ తీసేసి ఎఫ్‌గెట్స్ పెట్టి, దాని చివర వచ్చే న్యూలైన్ అక్షరాన్ని కూడా తుడిచేసి ప్రోగ్రాంని సరిచేసింది. ఫస్టియర్ పిల్ల, ఇంట్లో కంప్యూటర్ లేని పిల్ల ఆ పని చేసింది. సారు రికార్డు చూసి పదికి అయిదు వేశాడు. కారణమేమిటో తెలుసా? “రికార్డులో ఇచ్చినట్టు రాయలేదు.” ఇచ్చినట్టు రాస్తే నా పేరు పట్టట్లేదు సార్ అంది.

“నీ పేరెందుకమ్మా ఇవ్వడం? రవి అని ఇవ్వు, పనిచేస్తుంది.”

ఆ సారు చెడ్డవాడేం కాదు. మనసులో ఏ విషమూ పెట్టుకుని ఆ మాట అనలేదు. అదే మా బాధ. ఈ దేశంలో మా గురించి పాఠం రాసినవాళ్లలో చాలామంది చెడ్డవాళ్లు కాదు, రవి అని ఇస్తే పనిచేసే ప్రపంచంలో పుట్టినవాళ్లు. ఆ ప్రపంచానికి పట్టని పేరున్నవాళ్లే లోపాన్ని ముందుగా కనిపెడతారు. కనిపెట్టినందుకు మార్కులు పోగొట్టుకుంటారు. టెస్టింగ్ అనే సబ్జెక్టు థర్డియర్‌లో వాళ్లే చెప్తారు, అందులో మొదటి పాఠం ఇలాంటి ఇన్‌పుట్ ఇచ్చి చూడమనే.

ఇక క్విజ్ సంగతి. ఇరవై నిమిషాలు, ఇరవై బిట్లు, ఒక్కోదానికి అర మార్కు. ఇంట్ సైజెంత? కీలో రెండు బైట్లని ఉంటుంది. ఈ రెండు ఎక్కణ్ణించి వచ్చింది? 1987లో బోర్లాండ్ వాళ్లు తెచ్చిన టర్బో సీ నుంచి. అది పదహారు బిట్ల డాస్ మీద నడిచేది. ఆ నీలం తెర మన కాలేజీల్లో ఎంతకాలం వెలిగిందో మీకూ తెలుసు. ఇప్పుడు ల్యాబ్‌లో ఉన్న మిషన్ మీద జీసీసీతో సైజ్ఆఫ్ అడిగితే నాలుగంటుంది. ల్యాబ్‌లో కళ్లతో చూసి నాలుగని రాసినవాడికి సున్నా, పాత గైడు బట్టీ పట్టినవాడికి అర మార్కు. అసలు భాష ప్రమాణం ఏ సంఖ్యా చెప్పదు, కనీసం పదహారు బిట్ల విలువలు పట్టాలని మాత్రమే అంటుంది. అంటే నిజంగా తెలిసినవాడికి ఆ నాలుగు ఆప్షన్లలో జవాబే లేదు.

ఇంకో బిట్టు మీకు బాగా తెలుసు. ఐ విలువ 5. ఐ ప్లస్ ప్లస్ ప్లస్ ప్లస్ ప్లస్ ఐ - చదువుతుంటేనే నాలుక మడతపడుతుంది. ముందు ఐని వాడి పెంచు, తర్వాత పెంచి వాడు, రెండూ కలుపు, ఎంత? కీలో పన్నెండని ఉంటుంది. ఒకే వాక్యంలో ఒకే వేరియబుల్‌ని రెండుసార్లు మారిస్తే ఏమవుతుందో చెప్పలేమని 1989 నాటి ఆన్సీ ప్రమాణమే చేతులెత్తేసింది. ఒక కంపైలర్ ఒకటి చెప్తుంది, ఇంకోటి ఇంకోటి చెప్తుంది, రెండూ తప్పుకాదు. సీని తయారుచేసిన డెన్నిస్ రిచీ, కెర్నిఘన్‌తో కలిసి 1978లో రాసిన పుస్తకం రెండో అధ్యాయంలోనే లెక్కింపు వరస మీద ఆధారపడే ఇలాంటి రాతలు రాయొద్దని హెచ్చరించారు. భాష పుట్టించినవాడు వద్దన్నదాన్ని మా దగ్గర పరీక్ష పెట్టి మెరిట్ తేలుస్తున్నారు.

దీన్లో ముస్లిం ఎక్కడున్నాడంటారా? ఉన్నాడు. తప్పు కీ అందరికీ తప్పే, కానీ దాన్ని ప్రశ్నించే నోరు అందరికీ ఒక్కలా ఉండదు. ముందు బెంచీ కుర్రాడు వెళ్లి సార్ ఇది అన్‌డిఫైన్డ్ కదా అంటే “గుడ్, చదువుతున్నావే” అని అర మార్కు కలుపుతారు. మావాడు వెళ్లి అదే మాటంటే వాదనకొచ్చాడని అంటారు. ఇద్దరికీ నోరొకటే, సబ్జెక్టొకటే. మావాడు ఒకసారి వెళ్తాడు, రెండోసారి వెళ్లడు. మూడో క్విజ్‌కల్లా తనకి తెలిసింది రాయడం మానేసి కీలో ఉండేది రాయడం నేర్చుకుంటాడు. అప్పుడు “మీవాళ్లకి బట్టీ తప్ప లాజిక్ రాదు” అని మీరే అంటారు.

వైవా గురించి రాయాలంటే చెయ్యి ఆడదు. రెండు నిమిషాల మాటలకి అన్నేసి మార్కులు. పాయింటర్ అంటే ఏమిటని అడగడానికి ముందు ఏ ఊరు, నాన్నేం చేస్తాడని అడుగుతారు. పంక్చర్ షాపంటే ఓహో అంటారు, గల్ఫంటే ఇంకొంచెం పెద్ద ఓహో. “ఎట్లాగూ దుబాయ్ పోయేవాడివే కదా, నీకెందుకయ్యా లింక్డ్ లిస్టు” అని నవ్వినాయన ఉన్నాడు. 2007 మేలో మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చిపోయినవాళ్లూ మేమే, తర్వాత పోలీసులు పట్టుకుపోయి చితకబాదినవాళ్లూ మేమే. ఆ కుర్రాళ్లు తర్వాత కోర్టుల్లో నిర్దోషులుగా బయటికొచ్చారు. కానీ ల్యాబ్‌లో మావాడు ఒంటరిగా కీబోర్డు కొడుతుంటే “ఏం ప్రోగ్రామురా అది, టైమర్ పెడుతున్నావా?” అన్న జోకు మాత్రం నిర్దోషిగా విడుదల కాలేదు, సెమిస్టర్ సెమిస్టర్‌కీ తిరుగుతూనే ఉంది. అందరితో పాటు మావాడూ నవ్వుతాడు. నవ్వకపోతే ఇంటర్నల్ ఆయన చేతిలోనే ఉంది మరి.

భాష సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడ మేం ఒంటరివాళ్లం కాదు. క్విజ్‌లో జీసీడీకి ప్రోగ్రాం రాయమంటారు. ఉర్దూ మీడియంలో పదోతరగతి చదివిన మా పిల్ల ఆ మూడక్షరాలు చూసి బిత్తరపోతుంది. ఆదె ఆజమ్ అని చెప్పండి, కళ్లుమూసుకుని చేస్తుంది. ప్రైమ్ నంబర్ అంటే తడబడుతుంది, ముఫ్రద్ అదద్ అంటే ఒకటీ తనూ తప్ప ఇంకేదీ భాగించనిదని గుక్కతిప్పుకోకుండా చెప్తుంది. పక్క బెంచీలో మాదిగ పిల్లవాడికి అదే గసాభా, ప్రధాన సంఖ్య. సర్కారు బళ్లో తెలుగు మీడియంలో నేర్చుకుని వచ్చాడు. ఇద్దరికీ యూక్లిడ్ పద్ధతి తెలుసు, భాగించి శేషం తీసి మళ్లీ భాగించడం తెలుసు. ఆ అరగంటలో ఇద్దరికీ తెలియంది ప్రశ్న ఏమడుగుతోందన్నదే. ప్రశ్న పక్కన ఒక్క లైను అర్థం రాస్తే మీ సొమ్మేం పోతుంది? ప్రోగ్రామింగ్ పరీక్షిస్తున్నారా, ఇంగ్లీషు పరీక్షిస్తున్నారా?

మెరిట్ అని గొంతు చించుకునేవాళ్లకి ఒక లెక్క. సచార్ కమిటీ 2006 నవంబర్‌లో రిపోర్టు ఇచ్చింది. 2001 జనాభా లెక్కల్ని బట్టి ఇరవై ఏళ్లు నిండినవాళ్లలో డిగ్రీ గానీ డిప్లొమా గానీ ఉన్నవాళ్లు దేశం మొత్తం మీద సుమారు 7 శాతం, ముస్లింలలో 4 శాతం కన్నా తక్కువ. పేరున్న కాలేజీల్లో డిగ్రీ చదివేవాళ్లలో పాతికమందికి ఒక్కరు ముస్లిం, పీజీలో యాభైమందికి ఒక్కరు. ఆ తర్వాతి ఏడాది, 2007లో, బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. కోర్టుల్లో నలిగి, 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబడింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. ఈ రెండిటివల్ల మా ఇళ్లలోంచి తొలిసారి ఇంజనీరింగ్ గడప తొక్కిన పిల్లలు వచ్చారు. గేటు దాటించింది ప్రభుత్వం. గేటు లోపల క్విజ్ పేపరు మీద ఎవరి అధికారం ఉందో ఏ జీవో రాయలేదు.

ఒక సబ్జెక్టు పోతే ఏమవుతుంది, సప్లిమెంటరీ రాసుకోవచ్చు కదా అంటారు. రాసుకోవచ్చు. కానీ సప్లిమెంటరీలో రాసేది బయటి పేపరే, ఇంటర్నల్ మార్కులు అవే ఉండిపోతాయి. ఒకసారి తగ్గిస్తే నాలుగేళ్లూ మెడలో పలకలాగా వేలాడుతుంది. క్రెడిట్లు చాలకపోతే డిటెయిన్ చేస్తారు. చదివిందే మళ్లీ చదివితే రీయింబర్స్‌మెంట్ రాదు. అప్పుడు అబ్బా అమ్మీని చూస్తాడు, అమ్మీ తలదించుకుంటుంది. వారంలో ఎవరో ఖాలా ఒక సంబంధం పట్టుకొస్తుంది. కుర్రాడు జిద్దాలో ఏసీ మెకానిక్, కట్నం పెద్దగా అడగట్లేదు. మీ పుస్తకంలో అది అయిదు మార్కుల తేడా. మా ఇంట్లో అది నిఖా. మేం చూశాం కాబట్టి చెప్తున్నాం.

మా ఇంటి సంగతి కూడా చెప్పకపోతే ఈ రాతకి అర్థం ఉండదు. మైనారిటీ కాలేజీలున్నాయి, అక్కడ చేరండి అని ఉచిత సలహాలిస్తారు. చేరాం. అక్కడ పేరు అడ్డు కాదు. పేరు చివర ఏముందో అడ్డు. మా దూదేకుల పిల్లవాడు వైవాకెళ్తే పాయింటర్ల కన్నా ముందు “ఉర్దూ నహీఁ ఆతీ క్యా?” అని అడిగారు. రాదు. వాడి నానీ కూడా తెలుగులోనే దువా చేసుకునేది. పింజారోడివా అని నవ్వినాయన అయిదుపూటలా నమాజు చదివేవాడే. శుక్రవారం క్విజ్ పెట్టకపోవడం ఒక్కటే అక్కడ మాకు దొరికిన సుఖం. అల్గోరిథం అన్న మాట తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో లెక్కలు రాసిన అల్ ఖ్వారిజ్మీ పేరునించే పుట్టిందని, ఆల్జీబ్రా కూడా ఆయన పుస్తకం పేరులోని మాటేనని గోడమీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టారు. నిజమే, సంతోషమే. కానీ ఖ్వారిజ్మీ మాకు తాత కాడు. మా తాతలు దూది ఏకారు, గాజులమ్మారు, జట్కా తోలారు. గోడ మీది గొప్ప మా క్విజ్‌లో ఒక్క అర మార్కు కలపలేదు.

మనిషి చేతినించి తప్పించి మిషన్‌తోనే దిద్దిస్తే పోతుందిగా అనేవాళ్లున్నారు. ఇదేం కొత్త ఆలోచన కాదు. 1960లోనే అమెరికాలో రెన్సెలేర్ పాలిటెక్నిక్‌లో హాలింగ్స్‌వర్త్ అనే ఆయన పంచ్ కార్డుల మీది ప్రోగ్రాంలని మిషన్‌తో దిద్దించి, ఆ సంగతి పత్రికలో రాశాడు. ఈ మిషన్ వస్తే మేం సగం సంతోషిస్తాం, దాపరికం లేకుండా చెప్తున్నాం. దానికి స్కార్ఫు కనబడదు. నాన్నేం చేస్తాడని అడగదు. కానీ మిషన్‌కి పరీక్షలు రాసిపెట్టేది మనిషే. టెస్ట్ కేసులో పేర్లన్నీ రవి, సీత, కిరణ్ అయితే మా పేరు పట్టని ప్రోగ్రాం నూటికి నూరు తెచ్చుకుంటుంది. అవుట్‌పుట్‌లో ఒక్క ఖాళీ ఎక్కువైతే సున్నా కొట్టే మిషన్లున్నాయి. లాజిక్ అంతా సరిగ్గా రాసి, కామా తర్వాత ఖాళీ మర్చిపోయిన పిల్లకీ, ఏమీ రాయని పిల్లకీ ఒకటే మార్కు. ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాడు నూరుసార్లు పంపి చూసుకుంటాడు. మావాళ్లకి ల్యాబ్ మూసేలోపు మూడుసార్లు.

కాపీ పట్టే మిషన్ కూడా ఉంది. బర్క్‌లీలో 1994లో తయారైన మాస్ అనేది రెండు ప్రోగ్రాంలు ఎంత పోలి ఉన్నాయో చూపిస్తుంది. పోలిక చూపిస్తాం గానీ ఇది కాపీకి రుజువు కాదు, మనిషే చూసి తేల్చాలని తయారుచేసినవాళ్లే చెప్పారు. మా హాస్టల్లో అయిదుగురికి ఒక పాత ల్యాప్‌టాప్. ఒకడు కొడుతుంటే నలుగురు చూస్తారు, ఒకడికి అర్థమైంది మిగతావాళ్లకి చెప్తాడు. అయిదు ప్రోగ్రాంలూ అన్నదమ్ముల్లా ఉంటాయి. ఉండవా మరి? ఒకే దస్తర్‌ఖాన్ మీద తిన్నాం. అయిదుగురికీ సున్నా వేసి “గ్యాంగు” అన్నారు. అదే సీనియర్ దగ్గర డబ్బిచ్చి చేయించుకున్న అసైన్‌మెంట్ ఎవరితోనూ పోలలేదు, దానికి పదికి పది.

మిషన్ తప్పు చేస్తే మనిషి తప్పు కన్నా తిప్పుకోవడం కష్టం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు గుర్తున్నాయిగా? తెలుగులో సున్నా వేసిన ఒక అమ్మాయి పేపరు మళ్లీ చూస్తే 99. ఆ రోజుల్లో ఎందరు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారో తల్చుకుంటే ఇంకా వణుకొస్తుంది. ఏడాది తిరిగేసరికి, 2020 ఆగస్టులో, బ్రిటన్‌లో పరీక్షలు జరక్క ఒక లెక్కల సూత్రంతో గ్రేడులేశారు. స్కూలు పాత ఫలితాల్ని బట్టి పిల్లల తలరాత రాసింది అది. పిల్లలు రోడ్డెక్కితే నాలుగు రోజుల్లో వెనక్కి తీసుకున్నారు. అక్కడివాళ్లు రోడ్డెక్కారు. మేం అర మార్కు కోసం స్టాఫ్‌రూం గుమ్మం ఎక్కడానికే భయపడుతున్నాం.

మేం గ్రేస్ మార్కులు అడగట్లేదు, ముందే చెప్తున్నాం. యూనివర్సిటీ పేపరుకి వేసే కోడ్ నంబరు కాలేజీ మిడ్ పేపరుకి కూడా వేయమంటున్నాం. దానికి ఒక గుమాస్తా, ఒక పూట చాలు. కీ తయారుచేసిన సారు ఆ బిట్లని ల్యాబ్ మిషన్ మీద ఒకసారి కొట్టి చూసి మరీ ఇవ్వాలి. దేనికెన్ని మార్కులో పరీక్షకి ముందే గోడకంటించండి, దిద్దిన పేపరు మా చేతికివ్వండి, వైవాలో ఇద్దరు కూచోండి. ఆ ఇద్దరిలో ఒకరు ఎప్పుడైనా మావాళ్లయితే మేం కాదనం. ఇంకా చాలా అడగాలని ఉంది గానీ ఇవైనా అయితే మిగతావి మా పిల్లలు చూసుకుంటారు. టెస్ట్ కేసుల్లో మాత్రం ఒక్క పొడుగు పేరు పెట్టండి. షేకే అక్కర్లేదు, వెంకట సత్యనారాయణ సుబ్రహ్మణ్యం అన్నా సరే. మీవాళ్ల పేర్లూ ఆ ఇరవై జాగాల్లో పట్టట్లేదు, మీరు గమనించలేదంతే.

ఎఫ్‌గెట్స్ పెట్టిన మా చెల్లెలు ఆ రికార్డు ఇంకా దాచుకుంది. అయిదు మార్కుల పక్కన ఎర్రసిరాతో “ఇచ్చినట్టు రాయలేదు” అని ఉంటుంది. పోయిన నెల ఆమె తమ్ముడు, వాడిప్పుడు ఫస్టియర్, మొదటి క్విజ్ రాసొచ్చి పేపరు మంచం మీద పడేశాడు. ఏడో బిట్టు ఇంట్ సైజెంత? వాడు రెండని రాశాడు. టిక్కు పడింది. నాలుగని తెలీదా అని ఆమె అడిగితే, తెలుసు అక్కా అన్నాడు.